పెట్టె మీది ల్యూమెన్లు, పేజీ మీది లక్స్: పఠన మందిరం కోసం వెలుతురు మీటరు, ప్రాజెక్టు డైరీ

జూలై 6, ఆదివారం

మా ఊరి శాఖా గ్రంథాలయంలో పఠన మందిరాన్ని రాత్రి ఎనిమిదిన్నర వరకూ తెరిచి ఉంచుతారు. గ్రూప్స్‌కూ, డీఎస్సీకీ, పోలీసు ఉద్యోగాలకూ చదువుకునే పిల్లలతో అక్కడి పన్నెండు బల్లలూ నిండిపోతాయి. మా మేనల్లుడు కూడా అక్కడే చదువుతున్నాడు. వారం క్రితం భోజనాల దగ్గర, "మామయ్యా, ఏడు దాటితే బీరువాల పక్క బల్ల మీద అక్షరాలు అలుక్కుపోతున్నాయి, కళ్లద్దాలు మార్చాలేమో" అన్నాడు. ఆ కళ్లద్దాలు మార్చి ఇంకా ఏడాది కాలేదు. మర్నాడు నేను వెళ్లి గ్రంథపాలకుడి గారిని కదిపితే, ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా, "మాస్టారూ, పాత ట్యూబులన్నీ తీయించి ఎనిమిదిచోట్లా ఇరవై వాట్ల ఎల్ఈడీలు వేయించాం. ఒక్కోదాని పెట్టె మీద రెండు వేల ల్యూమెన్లని అచ్చువేసి ఉంది. ఇంకా వెలుతురు చాలదంటే ఎలా?" అన్నారు.

ఇద్దరూ అబద్ధం చెప్పేవాళ్లు కారు. ఒకరు దీపం గురించి మాట్లాడుతున్నారు, మరొకరు పేజీ గురించి మాట్లాడుతున్నారు. ఈ రెండూ వేర్వేరు రాశులు. పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నవాడిని కనుక, వాదించే బదులు ఒక మీటరు తయారుచేసి బల్ల బల్లకూ కొలిచి చూపించడమే మర్యాద అనిపించింది. ఈ డైరీ ఆ పని జరిగిన తీరు.

ముందు మాటల సంగతి తేల్చుకోవాలి. తెలుగులో ఈ తేడా ఎప్పటినుంచో ఉందని నాకనిపిస్తుంది. దీపానిది వెలుగు, గదిలోదీ, పుస్తకం మీదిదీ వెలుతురు. "దీపం వెలుగుతోంది" అంటాం, "ఇలా వెలుతురులోకి జరిగి కూర్చో" అంటాం. ఈ గీతను ఎవరూ ప్రతిసారీ పాటించరు గానీ, శాస్త్రం గీసిన గీత సరిగ్గా ఇక్కడే ఉంది. ఒక దిక్కుగా దీపం వెలుగు ఎంత గట్టిగా ఉందో చెప్పేది కాండెలా. ఆ దీపం అన్ని దిక్కులకూ కలిపి ఎంత కాంతిని విడుదల చేస్తున్నదో చెప్పేది ల్యూమెన్. అందులో ఒక చదరపు మీటరు మీద వచ్చి పడేదెంతో చెప్పేది లక్స్, అంటే చదరపు మీటరుకు ఒక ల్యూమెన్. పొలం ఉన్నవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. బోరు గంటకు ఎన్ని నీళ్లు పోస్తుందన్నది ఒక ప్రశ్న, మడిలో ఎంత లోతు నీరు నిలిచిందన్నది మరో ప్రశ్న. అదే బోరును అరెకరానికి పెట్టినా, మూడెకరాలకు పెట్టినా బోరు మారదు, మడి మారుతుంది. గ్రంథపాలకుడి గారు బోరు లెక్క చెప్పారు, మావాడు మడిలో నిలబడి చెప్పాడు.

లక్స్ అనేది లాటిన్‌లో కాంతి అనే అర్థమున్న మాటే. ఇంట్లో ఈ మాట పలికేసరికి మా అక్క, "సబ్బుతో ఏం కొలుస్తావురా?" అంది. ఆ సబ్బుదీ అదే మాట కనుక ఆమెను తప్పుపట్టడానికి లేదు.

జూలై 9, బుధవారం

ప్రయోగశాల సొరుగులో ఎల్‌డీఆర్‌లు దొరికాయి. వెలుతురు పడితే నిరోధం తగ్గే ఈ చిన్న బిళ్లను పదివేల ఓముల నిరోధంతో జతచేసి ఆర్డుయినో అనే చిన్న కంప్యూటరు బోర్డుకు కలిపితే తెరపై 612 అని వచ్చింది. ఏమిటి 612? లక్సులు కావు, ఏమీ కావు. ఇంకో బల్బు వెలిగించి వెలుతురు రెట్టింపు చేస్తే ఆ సంఖ్య రెట్టింపు కాలేదు, ఎందుకంటే ఎల్‌డీఆర్ నిరోధం వెలుతురుతో సూటి నిష్పత్తిలో మారదు, పైగా ఒక్కో బిళ్లది ఒక్కో తీరు. వీధి దీపం తనంతట తాను వెలగడానికి ఇది చాలు, కొలతకు చాలదు. అక్కడితో దాన్ని పక్కన పెట్టాను.

దాని బదులు బీహెచ్ 1750 అనే సెన్సరు ఉన్న చిన్న బోర్డు తీసుకున్నాను. ఇందులో ఫోటోడయోడూ, దాని కరెంటును అంకెలుగా మార్చే వలయమూ ఒకే చిప్‌లో ఉంటాయి, ఐ-స్క్వేర్డ్-సీ పద్ధతిలో రెండే తీగలపై ఆ అంకె బయటికి వస్తుంది. నా ఆర్డుయినో నానో రకం. అందులో ఏ4 కాలు సెన్సరు సమాచారపు తీగ ఎస్‌డీఏకూ, ఏ5 కాలు గడియారపు తీగ ఎస్‌సీఎల్‌కూ వెళ్తాయి. చిరునామా కాలును గ్రౌండుకు కలిపితే సెన్సరు చిరునామా హెక్సాలో, అంటే పదహారు ఆధారంగా ఉన్న సంఖ్యల్లో, 23 అవుతుంది, అదే తీగలపై చిన్న ఓలెడ్ తెరను కూడా వేరే చిరునామాతో కలిపేయవచ్చు. చిప్ ఇచ్చిన అంకెను 1.2తో భాగిస్తే లక్సులు వస్తాయి. ప్రోగ్రాములో అసలు పని ఆ ఒక్క భాగహారమే, మిగతాదంతా తెర మీద అక్షరాలు దిద్దడం.

అన్నీ ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, బట్టల బీరువాలో పెట్టి, తలుపు మూసి, సందులోంచి బయటికి లాగిన కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌లో చూస్తే 3 లక్స్ చూపించింది. చీకటి బీరువాలో మూడు లక్సులు ఎక్కడినుంచి వస్తాయి? తలుపు సందుకు గుడ్డ కుక్కాను, తగ్గలేదు. తెర వెలుగు అనుకుని తెర తీసేశాను, రెండుకు దిగింది కానీ సున్నా కాలేదు. చివరికి చూస్తే డబ్బా లోపల నానో బోర్డు మీదే, కరెంటు ఉందని చూపించే చిన్న ఎరుపు దీపం వెలుగుతోంది, తెల్ల ప్లాస్టిక్ గోడలు ఆ వెలుగును పుచ్చుకుని సెన్సరు వెనక్కి చేరవేస్తున్నాయి. ఆ దీపం మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, సెన్సరు చుట్టూ నల్ల చార్టు కాగితంతో గొట్టం చుట్టాను. సున్నా వచ్చింది.

జూలై 10, గురువారం

ఆషాఢ పౌర్ణమి. సాయంత్రం దాకా ముసురు పట్టి, తొమ్మిదింటికి మబ్బు విడిపోయింది. డాబా మీద పిండి ఆరబోసినట్టు వెన్నెల. పంచాంగం అట్ట మీద పెద్ద అక్షరాలు చదవగలుగుతున్నాను, మీటరు మాత్రం సున్నా అంటోంది. పాడైంది కాదు. నిండు పున్నమి వెన్నెల పావు లక్స్ అటూ ఇటూగా ఉంటుంది, నా సెన్సరు మామూలు పద్ధతిలో లెక్కపెట్టేది ఒక్కో లక్స్ చొప్పున. నడివేసవి మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సుల దాకా వెళ్తుంది. అంటే ఈ రెంటికీ మధ్య తేడా నాలుగు లక్షల రెట్లు, అయినా కన్ను రెండుచోట్లా పని నడుపుకొస్తుంది. అందువల్లే వెలుతురు విషయంలో కంటి సాక్ష్యం నమ్మదగ్గది కాదు. అది ఎక్కడికక్కడ సర్దుకుపోతుంది, ఏడింటికి సరిపోయిందని చెప్పి ఎనిమిదింటికి తలనొప్పి తెస్తుంది.

జూలై 13, ఆదివారం

ఇవాళ రెండో కొస చూశాను. పదకొండింటికి ఎండ కాసింది. వసారా లోపల 2,300. వసారా అంచున మబ్బు చాటు వెలుతురులో 18,000. వాకిట్లో ఎండలో 54,612. మబ్బు తునక అడ్డం వచ్చి తొలగిపోయాక మళ్లీ 54,612. మీటరును సూర్యుడి వైపు తిప్పినా 54,612. సహజమైన కొలత ఏదీ చివరి అంకెతో సహా ఇంత మొండిగా నిలబడదు. కాగితం మీద వేసి చూస్తే గుట్టు తెలిసింది: సెన్సరు ఇచ్చేది పదహారు బిట్ల అంకె, దాని గరిష్ఠం 65,535, దాన్ని 1.2తో భాగిస్తే సరిగ్గా 54,612. కొలపాత్ర నిండి పొర్లిపోతోందన్నమాట. చిప్‌లో కొలత సమయాన్ని నిర్ణయించే ఒక సంఖ్య ఉంటుంది, మామూలుగా అది 69. దాన్ని 31కి తగ్గిస్తే పాత్రను తక్కువసేపే కుళాయి కింద ఉంచినట్టు, లక్షా ఇరవై వేల లక్సుల దాకా కొలవవచ్చు. చదువుకునే గదికి ఆ అవసరం రాదు కనుక మార్చలేదు. 54,000 దాటితే "నిండింది" అని తెరపై వచ్చేట్టు మాత్రం రాశాను.

మధ్యాహ్నం మేనల్లుడు టీవీ రిమోట్ తెచ్చి, సెన్సరుకు ఆనించి బొత్తాలు నొక్కాడు. గొట్టంలో చీకటి, రిమోట్ ముక్కు లోపల: సున్నా, సున్నా, ఒకసారి ఒకటి. అదే రిమోట్‌ను మామూలు ఫోటోడయోడుకు చూపిస్తే మల్టీమీటరు ముల్లు ఎగిరిపడింది. రిమోట్‌లోంచి శక్తి వస్తూనే ఉంది, అది పరారుణం కనుక మన కంటికి ఆనదు. ఈ ప్రమాణం అంతరార్థం మొత్తం నాకు ఈ చిన్న ఆటలో కనిపించింది. మీటరు, కిలో, సెకను వంటివి మనిషి ఉన్నా లేకున్నా ఉంటాయి. లక్స్‌లో మాత్రం మనిషి కన్ను కలిసి ఉంది. ఏ తరంగదైర్ఘ్యానికి కన్ను ఎంత స్పందిస్తుందో చెప్పే వక్రరేఖను అంతర్జాతీయ ప్రదీపన సంఘం 1924లో ఆమోదించింది. దాని శిఖరం 555 నానోమీటర్ల దగ్గర, లేత చిగురాకు పచ్చలో ఉంది. ఒకప్పుడు వెలుగుకు ప్రమాణం కొవ్వొత్తి. ఆ పేరే కాండెలాగా మిగిలింది. 1948 నాటి నిర్ణయం ప్రకారం తనపై పడిన కాంతినంతా మింగే 'నల్లని వస్తువు' ప్లాటినం గడ్డకట్టే వేడి దగ్గర ఇచ్చే వెలుగు ప్రమాణమైంది. 1979 నుంచి ఆ కొలిమి కూడా పోయి, 540 లక్షల కోట్ల హెర్ట్జ్ పౌనఃపున్యం గల పచ్చని కాంతి ఒక వాట్ అయితే 683 ల్యూమెన్లు అనే లెక్క మిగిలింది. అదే ఒక్క వాట్ ముదురు ఎరుపైతే ల్యూమెన్లు ఎన్నోవంతుకు పడిపోతాయి, పరారుణమైతే సున్నా. వాట్లు చూసి వెలుతురు ఊహించకూడదని అనడానికి కారణం ఇదే.

ఇది విని మా ఎదురింటి మిరప నారు రైతు, షేడ్‌నెట్ కింద కొలవడానికి మీటరు ఇవ్వమన్నాడు. మొక్క కన్ను వేరు. ఎరుపునూ నీలాన్నీ అది బాగా వాడుకుంటుంది, లక్స్ వాటిని తక్కువచేసి చూపుతుంది. వల లోపలా బయటా ఒకే ఎండను పోల్చి, వల ఎంత వంతు ఆపుతోందో చెప్పుకోవడానికైతే పనికొస్తుందని చెప్పి ఇచ్చాను.

జూలై 16, బుధవారం

బల్ల మీద వెలుతురు నెత్తిమీది దీపం నుంచే రాదు. పక్క వరుస దీపాల నుంచీ, గోడల నుంచీ ఏటవాలుగా కూడా వస్తుంది. ఏటవాలుగా వచ్చే కాంతి అదే తలం మీద ఎక్కువ మేర పరుచుకుంటుంది కనుక పలుచబడుతుంది. ఎంత పలుచబడుతుందంటే, నిటారు నుంచి ఎంత వాలిందో ఆ కోణపు కొసైన్ మేరకు. 1760లో లాంబర్ట్ రాసిపెట్టిన సూత్రమిది. సెన్సరు దీన్ని పాటిస్తోందా? బల్బు ఎదుట నిటారుగా పెట్టి, తర్వాత అరవై డిగ్రీలు వంచితే సగం రావాలి. వట్టి సెన్సరు 38 శాతమే ఇచ్చింది. దాని చుట్టూ నేను చుట్టిన నల్ల గొట్టమే పక్క వెలుతురును ఆపేస్తోంది. టేబుల్ టెన్నిస్ బంతిని బ్లేడుతో సగానికి కోసి, గొట్టాన్ని పొట్టిచేసి, ఆ గిన్నెను సెన్సరు మీద బోర్లించాను. ఇప్పుడు 47 శాతం. సరిపోతుంది.

బంతి తనవంతు వెలుతురు మింగుతుంది. బంతి ఉన్నప్పుడూ లేనప్పుడూ ఎదురు వెలుతురులో కొలిచి చూస్తే 58 శాతమే లోపలికి వస్తోంది. కనుక ప్రోగ్రాములో 1.72తో గుణించాను.

జూలై 19, శనివారం

ఈ సాయంత్రం చేసిన పని ప్రాజెక్టుకు అక్కరలేనిదే, కానీ అన్నిటికన్నా ఎక్కువ సంతోషం ఇచ్చింది ఇదే. వానకు పకోడీలు తెప్పించాం. పొట్లం కాగితం మీద రూపాయి బిళ్లంత నూనె మరక పడింది. బున్సెన్ బర్నరు పేరు సైన్సు చదివిన ప్రతివారికీ తెలుసు. అదే బున్సెన్ పంతొమ్మిదో శతాబ్దంలో ఇలాంటి నూనె మరకతోనే దీపాల వెలుగును పోల్చేవాడు. మరక ఉన్నచోట కాగితం అర్ధపారదర్శకమవుతుంది. వెనుక వెలుతురు ఎక్కువైతే మరక తెల్లగా మెరుస్తుంది, ముందు వెలుతురు ఎక్కువైతే నల్లగా కనిపిస్తుంది, రెండు వైపులా సమానమైతే మరక చూస్తుండగానే మాయమవుతుంది.

వరండా దీపాలు ఆర్పేసి, పొడుగు బల్లకు ఒక చివర తొమ్మిది వాట్ల బల్బు, మరో చివర అదే ఆకారంలో ఉన్న ఐదు వాట్ల బల్బు పెట్టి, మధ్యలో ఆ కాగితాన్ని అట్టముక్కకు బిగించి నెమ్మదిగా జరిపాం. మేనల్లుడు ఒకవైపు, నేను ఒకవైపు. "పోయింది మామయ్యా!" అన్నచోట ఆపి టేపు పెడితే పెద్ద బల్బుకు 80 సెంటీమీటర్లు, చిన్నదానికి 60. దూరం పెరిగేకొద్దీ వెలుతురు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది కనుక, వెలుగుల నిష్పత్తి 6,400కూ 3,600కూ ఉన్న నిష్పత్తి, అంటే 1.78. పెట్టెల మీది ల్యూమెన్లు 900, 500, నిష్పత్తి 1.8. పకోడీ కాగితానికి ఇంతకన్నా ఏం కావాలి?

అదే ఊపులో పెద్ద బల్బుకు ఎదురుగా మీటరు పెట్టాను. 900 ల్యూమెన్లు అన్ని దిక్కులకూ సమానంగా పంచితే 72 కాండెలాలు అవుతాయి, ఒక మీటరు దూరంలో 72 లక్స్ రావాలి. వచ్చింది 121. బల్బు అడుగు భాగం ప్లాస్టిక్, అటు వెలుగు పోదు. ఆ వాటా కూడా ముందుకే వచ్చింది. రెండు మీటర్ల దూరంలో 31. నాలుగో వంతుకు గోడల నుంచి తిరిగివచ్చిన వెలుతురు కాస్త తోడైంది.

జూలై 21, సోమవారం

కాలేజీలో ధ్రువీకరణ పత్రమున్న లక్స్ మీటరు ఉంది. దాన్ని అడిగి తెచ్చి, రెండింటినీ పక్కపక్కనే ఉంచాను. నాది 120. దానిది 11.2. గుండె జారింది. పది రెట్ల తప్పు! బంతి గుణకం, 1.2, చిరునామా, అన్నీ తిరగేశాను. ప్రోగ్రామును మొదటి నుంచీ చదివాను. ఒక గంట పోయింది. చివరికి ఆ మీటరు తెర మూలన ఉన్న చిన్న అక్షరాలు కనిపించాయి. ఎవరో దాన్ని ఫుట్-క్యాండిల్ కొలతలో వదిలిపెట్టారు. చదరపు అడుగుకు ఒక ల్యూమెన్ అయితే అది ఫుట్-క్యాండిల్. చదరపు మీటరులో 10.76 చదరపు అడుగులు ఉంటాయి కనుక 11.2ను దాంతో గుణిస్తే 120.5. నా మీటరు ఒప్పే. చూడకపోవడం నాదే. పాత విద్యుత్ పుస్తకాల్లో లెక్కలు చేసేటప్పుడు ఈ రెండో ప్రమాణం తరచు ఎదురవుతుంది, పది రెట్ల తేడా కనిపిస్తే ముందు దాన్నే అనుమానించాలి.

మీట నొక్కి లక్స్‌లోకి మార్చాక 50 దగ్గర నాది 52, 298 దగ్గర 305, 985 దగ్గర 1,010. నాలుగు శాతం లోపు తేడా. ఇక గ్రంథాలయానికి వెళ్లవచ్చు.

జూలై 24, గురువారం

గది తొమ్మిది మీటర్లు, ఆరు మీటర్లు. 54 చదరపు మీటర్లు. పాత కట్టడం, కప్పు ఎత్తు. దీపాలు నేల నుంచి 3.3 మీటర్ల ఎత్తులో గోడలకూ దూలాలకూ బిగించి ఉన్నాయి. ఎనిమిది దీపాలకు పదహారు వేల ల్యూమెన్లు. 54తో భాగిస్తే 296 లక్స్. చదువుకునే బల్లల మీద 200, 300, 500 అనే మూడు లక్స్ మెట్లను ఐఎస్ 3646 అనే భారతీయ ప్రమాణం మొదటి భాగం చెబుతుంది. మామూలు పరిస్థితికి నడిమి మెట్టు. అంటే గ్రంథపాలకుడి గారి లెక్క కాగితం మీద దాదాపు సరిపోయింది!

చీకటి పడి కిటికీ వెలుతురు పూర్తిగా పోయాక, ఏడున్నరకు మొదలుపెట్టాం. పిల్లల్ని రెండేసి నిమిషాలు లేపి, బల్ల మధ్యలో మీటరు ఉంచి, మనుషులు దూరంగా జరిగాక చదవడం. దూరంగా జరగడమన్నది మాట వరసకు చెప్పింది కాదు: మొదటి బల్ల దగ్గర నేను అంకె చూడటానికి వంగేసరికి 142 కాస్తా 101 అయింది, నా తల నీడే నలభై లక్సులు తినేసింది. అందుకే ప్రోగ్రాములో చివరి కొలతను పది సెకన్లు నిలిపి ఉంచే బొత్తం పెట్టాను. నొక్కి పక్కకు తప్పుకుని, తర్వాత వచ్చి చూడవచ్చు.

నడి వరుసలో 168, 151, 142. ద్వారం పక్కన 122. బీరువాల పక్కన, మావాడు కూర్చునే బల్ల మీద 46. పన్నెండు బల్లల సగటు 108. కాగితం మీది 296లో మూడో వంతుకు కాస్త ఎక్కువ. గ్రంథపాలకుడి గారు నా పుస్తకంలోకి తొంగిచూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి మిగతా వెలుగంతా ఎక్కడికి పోయినట్టు మాస్టారూ?" అని అడిగారు. సరైన ప్రశ్న అదే. వెలుగును కిందికి తిప్పే రేకు దీపాల మీద లేదు, కనుక గోడలకూ దూలాలకూ కావలసినంత అందుతోంది. గోడలకు భుజం ఎత్తు దాకా ముదురు ఆకుపచ్చ ఆయిల్ పెయింటు, అది పడిన వెలుతురును మింగేస్తుంది. ఇనుప బీరువాలు, నల్లబడిన అట్టల పుస్తకాలు అంతే. ఆపైన దుమ్ము.

ఒక విషయం మీటరు నాకు చెప్పలేదు, పిల్లలు చెప్పారు. రెండుచోట్ల పంకాలు దీపాలకన్నా కిందికి వేలాడుతున్నాయి. రెక్కల నీడ పేజీ మీద కొట్టుకుంటుంది. నిమిషానికి మూడు వందల చుట్లు తిరిగే మూడు రెక్కల పంకా సెకనుకు పదిహేనుసార్లు దీపాన్ని అడ్డుకుంటుంది. నా సెన్సరు ఒక్కో కొలతకు 120 మిల్లీసెకన్లు తీసుకుని సగటు చెబుతుంది కనుక అక్కడ అంకె ఐదారు లక్సులు ఊగడం తప్ప ఏమీ తెలియలేదు. సగటు బాగుంటే చదవడానికి బాగుంటుందని కాదు. ఆ రెండు బల్లల పక్కన పెన్సిలుతో "పంకా" అని రాసుకున్నాను.

జూలై 25, శుక్రవారం

సెలవు రోజు. మెయిన్ ఆపించి, నిచ్చెన వేసి, ఎనిమిది దీపాల తొడుగులూ విప్పాం. తొలకరి ఉసిళ్లు రెక్కలతో సహా లోపల అడుగున పేరుకున్నాయి. ఒక్క తొడుగులోంచి దోసెడు వచ్చాయి. తడిగుడ్డతో తుడిచి, ఆరాక బిగించి, రాత్రి కొలిస్తే సగటు 108 నుంచి 127కు చేరింది. పైసా ఖర్చు లేకుండా పద్దెనిమిది శాతం.

ఆగస్టు 3, ఆదివారం

మిగిలింది దీపాలను దించడం. గ్రంథపాలకుడి గారు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించారు, ఆయన గొలుసులు కట్టి, దీపాలన్నిటినీ ఒక మీటరు కిందికి, రెండు వరుసలుగా, బల్లల నడినెత్తికి వచ్చేట్టు వేలాడదీశాడు. బల్లలను కూడా ఆ వరుసల కిందికి జరిపాం.

బల్లకూ దీపానికీ దూరం 2.55 మీటర్ల నుంచి 1.55కు తగ్గింది. వర్గ సూత్రం ప్రకారం వెలుతురు 2.7 రెట్లు కావాలి, అంటే 127 కాస్తా 343. మేనల్లుడు ముందే ఆ లెక్క వేసుకుని కూర్చున్నాడు. వచ్చిన సగటు 241. వాడి ముఖం చూసి నాకు నవ్వొచ్చింది. ఆ సూత్రం చుక్కలాంటి దీపానికి. నాలుగడుగుల కడ్డీ చుక్కలా కనిపించాలంటే దాని పొడవుకు ఐదు రెట్లయినా దూరం వెళ్లాలి, అంటే ఆరు మీటర్లు. దగ్గరగా ఉన్న పొడుగు దీపం నుంచి వెలుతురు అంత నిటారుగా తగ్గదు, కనుక దగ్గరికి తెచ్చినప్పుడు అంత నిటారుగా పెరగదు కూడా. పైగా గోడల నుంచి వచ్చే వాటా దీపం దించినంత మాత్రాన పెరగదు.

పంకాలు ఇప్పుడు దీపాలకు పైన ఉన్నాయి. నీడ కొట్టుకోవడం పోయింది. అయితే ఒక కొత్త బాధ వచ్చింది: దీపాలు 2.3 మీటర్ల ఎత్తులోకి వచ్చేసరికి, తల ఎత్తితే నేరుగా కళ్లలో పడుతున్నాయి. ఒకమ్మాయి పుస్తకాన్ని నుదుటికి అడ్డం పెట్టుకుని గడియారం చూసింది.

ఆగస్టు 8, శుక్రవారం

రేకుల పనివాడి దగ్గర ఎనిమిది పొడుగు తొట్లు వంపించి, లోపల తెల్ల రంగు వేయించి, దీపాల మీద బోర్లించాం. పక్కలకు నాలుగు వేళ్ల అంచు దిగింది, కూర్చున్నవాళ్లకు దీపం నేరుగా కనిపించదు. పైకి పోయే వాటా కూడా కిందికే తిరిగింది. కప్పు మునుపటికన్నా చీకటిగా ఉంది, గది పెద్దదైనట్టు కనిపిస్తోంది. అది నాకు నచ్చలేదు, పిల్లలెవరికీ పట్టలేదు.

సగటు 283. అతి తక్కువ 196, అదీ బీరువాల పక్క బల్లే. బీరువాను అడుగున్నర వెనక్కి జరపడానికి పుస్తకాలన్నీ దించాలి, దసరా సెలవుల్లో చూద్దామన్నారు. 46 దగ్గర నుంచి వచ్చాం కనుక మావాడు ఆ బల్ల వదలలేదు. కళ్లద్దాలు కూడా పాతవే.

మీటరు గ్రంథపాలకుడి గారి సొరుగులోనే ఉంచేశాను. నెలకోసారి మూడు బల్లల మీద కొలిచి రిజిస్టరు వెనుక పేజీలో రాస్తానన్నారు. సగటు 240కి దిగితే తొడుగులు తుడవాలి. డబ్బా మీద ఒక చీటీ అంటించాను: "బల్ల మీద పెట్టి బొత్తం నొక్కండి. నొక్కాక పక్కకు తప్పుకోండి. చేత్తో పట్టుకుని దీపం వైపు చూపించకండి."